పూజలో పడుకున్న ఫోను మిషను

నాకు చిన్నప్పటి నుంచీ ఒక తిక్క ఉండాది. ఏదన్నా పని చూపించి "ఇది నీతో కాదులే" అన్నారంటే, ఆ పని అయిందాకా నాకు అన్నం సయించదు. మా నాయన దీన్ని మొండితనం అనేవాడు, నేను తెలివి అనేదాన్ని. ఆ మాట ఇద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. ఫోను మిషను నేర్చుకునింది మాత్రం ఈ తిక్కతోనే.

ఎనభైల ఆఖరు అది. తిరుపతిలో డిప్లొమా ముగించుకోని, చిత్తూరులో ఒక మామిడి గుజ్జు కంపెనీలో కంప్యూటరు టెక్నీషియనుగా చేరినాను. ఫ్యాక్టరీ బంగారుపాళ్యం కాడ హైవే పక్కన, ఆఫీసు చిత్తూరు ఊర్లో. కంప్యూటరంటే ఒకటే ఒకటి. దానికొక గది, ఆ ఒక్క గదికే ఏసీ. లోపలికి పోవాలంటే చెప్పులు బయట విడవాల. సాయంత్రం దానికి మఖమలు గుడ్డ కప్పాల. అది చెడిపోకుండా చూసుకునేది, చెడిపోతే బాగుచేసేది నా ఉద్యోగం. అందరూ నన్ను 'కంప్యూటరు పాప' అనేవాళ్లు. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఎట్లుంటుందో చూద్దామని కొందరు పనిగట్టుకోని వచ్చి ఆ గది ముందర నిలబడుకునేవాళ్లు. నిలబడుకోనీ, నాదేం పోయింది!

ఆఫీసులో నేను కాక ఇంకొక ఆడమనిషి ఉండేది. ఫోను బోర్డు ముందర కూర్చునే అక్క. ఆ బోర్డు ఒక చెక్క బీరువా మాదిరి ఉండేది, దాన్నిండా బెజ్జాలు, కింద వేలాడే తీగలు. బయట నుంచి ఫోను వస్తే అక్క ఎత్తి, ఎవురు కావాలో అడిగి, తీగ తీసి ఆ గది బెజ్జంలో గుచ్చేది. అంతే పని. కానీ ఆ అంతే పనిలో ఎంత ఠీవి! "పెద్దాయన పూజలో ఉండారు, పావుగంట ఆగి చెయ్యండి" అనిందంటే, అవతల కలెక్టరాఫీసు వాళ్లయినా సరే పావుగంట ఆగాల్సిందే. నోరు జాస్తి. కోపమొస్తే తీగను చర్నాకోల మాదిరి ఆడించేది. వాళ్లాయనకు సైకిలు షాపు ఉండేది గానీ, తెరిచిన దినాల కంటే మూసిన దినాలే ఎక్కువ. ఇద్దరు బిడ్డల చదువు, ఇంటి బాడుగ, బియ్యం, అన్నీ ఆ బోర్డు మీదే నడవాల.

అట్లాంటి బోర్డును ఒకనాడు పీకేసి మూల పెట్టినారు. దాని తావులో గోడకు ఒక ఇనప్పెట్టె తగిలించినారు, అదే కొత్త ఫోను మిషను. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి, గదిగదికీ తీగలు లాగి, ఏవో అంకెలు తిప్పి, "ఏమన్నా మార్చాలంటే కబురు పెట్టండి" అని ఒక ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి పోయినాడు. కబురు పెడితే ఆయన వచ్చేది ఎప్పటికో ఆయనకే తెలీదు.

కంపెనీ పెద్దాయనది. కొడుకు బెంగుళూరులో చదివొచ్చినాడు, మేం చిన్నసారు అనేవాళ్లం. ఒకరోజు చిన్నసారు నన్ను పిలిచినాడు.

"ఇది గూడా కంప్యూటరు మాదిరే అంట. ఇప్పుడు బయట ఫోన్లన్నీ ఆ ఆపరేటరు కాడికే పోతా ఉండాయి. అట్ల గాకుండా, ఒక లైను నేరుగా నాయన గదిలో మోగాల, ఇంకొకటి నా గదిలో. నేర్చుకుంటావా, మద్రాసాయన్నే పిలిపించేదా? ఆడపిల్లవి, నీతో అవుతుందా ఇది?"

ఇంకేం కావాల నాకు! "దసరా లోపల చేసి చూపిస్తా సార్" అన్నాను. ఆయన ఇంకో మాట అనే లోపలే అన్నాను.

తర్వాత ఆయన అన్న మాట విని నా ఉత్సాహమంతా దిగిపోయింది. "అది అయిపోతే ఇంగ ఆపరేటరెందుకు? దసరాకి ఆయమ్మకి చీర పెట్టి పంపించేద్దాం" అన్నాడు, ఫ్యాను కట్టెయ్యమన్నంత సులువుగా.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో ఏమో తెలీకుండా మండింది. నేను చెయ్యనంటే మద్రాసాయన వచ్చి చేస్తాడు, అక్కకు జరిగేది ఎటూ జరుగుతుంది. చేస్తే నా చేతులతో నేనే ఆమెను లేపినట్టవుతుంది. ఇంకా కష్టమేమంటే, ఆ మిషనుకు ఏ పని నేర్పాలన్నా ఒక్క ఫోను నుంచే నేర్పాల. ఆపరేటరు ముందర ఉండే మొదటి ఫోను. అంటే అక్క స్టూలు పక్కన కూర్చోని, అక్క ఫోను తీసుకోని, అక్క ఉద్యోగం తీసేసే పని చెయ్యాల.

పుస్తకం చంకలో పెట్టుకోని ఆమె కాడికి పోయినాను. నాకంటే ముందే కబురు అందినట్టుండాది. చెనిక్కాయలు ఒలుచుకుంటా కూర్చోనుండాది.

"నా పక్కన కూసోని నన్నే లేపేస్తావా మే?" అనింది నవ్వుతా.

"నేను కాదంటే మద్రాసాయన వస్తాడు గదక్కా."

"తెలుసులే. యాడి నుంచో వచ్చినోడు లేపేకంటే నువ్వు లేపితేనే మేలు. రా, కూసో. కాయలు తింటావా?"

నవ్వుతానే ఉండాది గానీ, చెనిక్కాయల తొక్కలు నలిపి నలిపి పొడి చేసేస్తా ఉండాది.

మొదటి వారం ఆ మిషను నన్ను ఆడించింది చూడండి, ఏడుకొండలవాడా! కంప్యూటరైతే తెర ఉంటుంది, తప్పు చేస్తే తెర మీద కనిపిస్తుంది. దీనికి తెర లేదు, నోరు లేదు, ఉండేది రెండే కూతలు. ముందర ఒక రహస్యం అంకె తిప్పి లోపలికి పోవాల. తర్వాత ఏ లైను, ఏ ఫోను, ఏం చెయ్యాల, అన్నీ అంకెల్లోనే తిప్పాల. సరిగ్గా చేస్తే పొడుగ్గా ఒక కూత కూస్తుంది. తప్పు చేస్తే ఎక్కిళ్లు వచ్చినట్టు టుక్కు టుక్కుమంటుంది. ఏం తప్పో చెప్పదు. మధ్యలో కొంచిం ఆలస్యం చేసినామంటే బయటికి తోసేస్తుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే. నేను పుస్తకంలో ఇంగ్లీషు ముక్క అర్థం చేసుకోని తల ఎత్తేసరికి అది నన్ను తోసేసి ఉంటుంది.

ఒకరోజు ఏం తిప్పినానో ఏమో, బయట నుంచి ఒక్క ఫోను వస్తే ఆఫీసులో ఉండే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగినాయి. గదిగదిలో ఎత్తి "హలో" అంటే "హలో" అంటా ఉండారు. అకౌంటెంటు హలో అంటే స్టోర్సులో ఉండేవాడు "ఎవురు?" అంటాడు, వాడు అడిగితే పెద్దాయన "నువ్వెవురు?" అంటాడు. ఫోను చేసిన మనిషి పాపం ఏమనుకున్నాడో పెట్టేసినాడు. అక్క కడుపు పట్టుకోని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాని ఎనకాలే నవ్వొచ్చింది. చిన్నసారు గది నుంచి బయటికొచ్చి ఒక చూపు చూసి పోయినాడు. ఆ చూపుకి నా తిక్క ఇంకా ముదిరింది.

మరుసటి రోజు నేనే ఒక దోవ కనిపెట్టినాను. "అక్కా, నేను పుస్తకం చూసి అంకె చెప్తా, నువ్వు తిప్పు" అన్నాను. ఆమె వేలు ఆ డయలు మీద ఎట్ల పోతుందంటే, నేను నోరు మూసేలోపల అంకె అయిపోయేది. నేను చదివేది, ఆమె తిప్పేది. పొడుగు కూత వినపడితే ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం తట్టుకునేది. ఈ ఫోను నుంచి ఆ ఫోనుకు మార్చేది, ఎవరి ఫోను నుంచి దూరపు ఊర్లకు పోవచ్చో ఎవరిది పోకూడదో కట్టేది, ఒకరు లేకుంటే పక్కవాళ్లకు మోగించేది, ఒక్కొక్కటీ పట్టుకున్నాం. పట్టుకునే కొద్దీ నాకు రెక్కలు వచ్చినట్టుండేది. ఈ జిల్లాలో ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని. అది అబద్ధమైనా నాకేం, ఆ మురిపెం నాది.

ఒక మధ్యాన్నం నేను పుస్తకంలో పేజీ వెతుకుతా ఉంటే అక్క, "అది ఆడ పెట్టుమే, ఇది నాకొస్తుంది" అనేసి గబగబా తిప్పింది. పొడుగు కూత వచ్చింది. ఎంత సంతోషమేసిందో! "అక్కా, నువ్వు నేర్చుకున్నావు!" అని అరిచినాను.

"నేర్సుకోని ఏం జేసేది? దసరా అయినాక ఇంట్లో పొయ్యికి నేర్పల్లా" అనింది.

పుస్తకం మూసి, కాఫీ తాగొస్తానని చెప్పి లేచిపోయినాను.

చెప్పిన మాట ప్రకారం దసరాకు ముందే పని పూర్తి చేసినాను. రోడ్డు అవతల టెలిఫోను బూతు నుంచి నేనే ఫోను చేసి చూసినాను. పెద్దాయన గదిలో నేరుగా మోగింది, రెండో లైను చిన్నసారు గదిలో మోగింది. చిన్నసారు "పర్వాలేదే" అన్నాడు. ఆ మనిషి నోట్లో నుంచి ఆ మాట రావడమంటే పెద్ద బిరుదు కిందే లెక్క. నేను ఊరుకోకుండా, "సార్, అక్కను తీసెయ్యకండి సార్, ఆయమ్మ గొంతు తెలీని మామిడి మండీ లేదు, ఆయమ్మకు ఈ మిషను గూడా వచ్చు" అన్నాను.

"నీ పని నువ్వు చేసినావు. మిగిలింది నా పని" అన్నాడు.

మొగం మాడ్చుకోని బయటికొచ్చినాను. పని బాగా చేసినందుకు సంతోషం, ఆ బాగా చేసిన పనే అక్కను లేపేస్తా ఉండాదని కడుపు మంట. రెండూ ఒకేసారి ఉంటే మనిషికి ఎట్లుంటుందో అట్లే ఉండింది. నవమికి మా ఊరు చంద్రగిరికి బస్సెక్కినాను.

ఆయుధపూజంటే మా వైపు ఎట్లుంటుందో తెలుసు గదా. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి ముందర పెట్టి, బొరుగులు శనగలు పంచి, గుమ్మడికాయ కొట్టాల. పూజలో పెట్టిన వస్తువును ఆ దినం ముట్టుకోకూడదు, పని చేయించకూడదు. అదీ విశ్రాంతి తీసుకోవాల. మళ్లీ దశమి పొద్దన్నే హారతి ఇచ్చి లేపాల. మా నాయన ఆరోజు దున్నే మడక మీద ఈగను వాలనిచ్చేవాడు కాదు. ఇంగ ఆఫీసులో పెద్దాయన సంగతి చెప్పనక్కర్లేదు. త్రాసులు, టైపు మిషన్లు, డబ్బాలకు సీలు వేసే మిషను, కడకు గుమస్తాల పెన్నులు గూడా పడుకోవాల్సిందే. పాత బోర్డు ఉండే కాలంలో ప్రతి నవమికీ అక్కే తీగలన్నీ పీకి, జడ మాదిరి చుట్టి, అరిటాకు మీద పెట్టేదంట.

నేను లేని ఆ నవమి నాడు ఏం జరిగిందో తర్వాత అక్కే చెప్పింది. పెద్దాయన ఇనప్పెట్టె ముందర నిలబడి, "దీన్ని గూడా పడుకోబెట్టండప్పా" అన్నాడంట. ఎలక్ట్రీషియను స్విచ్చి కట్టేసినాడు. అయినా పెట్టెకుండే ఎర్ర లైటు పోలేదు. "ఇంగా కన్ను తెరుసుకోనే ఉండాది సూడు" అన్నాడంట పెద్దాయన. ఎలక్ట్రీషియను పెట్టె మూత తీసి, లోపల ఉండే చిన్న బ్యాటరీని పీకేసినాడు. లైటు ఆరిపోయింది. పెద్దాయనకు తృప్తి అయింది. ఆ బ్యాటరీకి గూడా పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆకు మీద పెట్టినారు.

ఆ మిషను నేర్చుకునిందంతా గుర్తు పెట్టుకునేది ఆ బ్యాటరీతోనే.

దశమి పొద్దన్నే నేను చంద్రగిరి నుంచి దిగేసరికి ఆఫీసంతా పూల వాసన. పెద్దాయన గదిలో అందరూ గుమిగూడినారు. సంగతేమంటే, మద్రాసు హార్బరులో సరుకు ఎక్కించే ఆయన పెద్దాయనకు పాత స్నేహితుడు. దశమి నాడు మంచి గడియ చూసి ఆయన్ను ఫోను చెయ్యమని పెద్దాయనే చెప్పిపెట్టినాడు. పూజ నుంచి లేచినాక మొదటి ఫోను, కొత్త మిషను మీద, నేరుగా తన గదిలో మోగాల. నేను వచ్చేలోపలే ఎలక్ట్రీషియను బ్యాటరీ తగిలించి, స్విచ్చి వేసినాడు, హారతి గూడా అయిపోయింది. టేబులు మీద ఫోను, ఫోనుకు బొట్టు, పక్కన కొట్టేదానికి టెంకాయ. నేను ముందర వరసలో నిలబడినాను. నా పని గదా, నేను నిలబడక ఎవురు నిలబడతారు!

అక్క గది వాకిలి కాడ నిలబడుకోనుండాది. చేతిలో కొత్త చీర ఉండే కవరు, ఇంకో చేతిలో టిఫిను క్యారియరు. ఆమె స్టూలు మీద ఎవరూ లేరు.

గడియ వచ్చింది. అందరం టేబులు మీది ఫోనునే చూస్తా ఉండాం.

ఫోను మోగింది. కానీ ఈడ కాదు. బయట, అక్క స్టూలు ముందర.

పెద్దాయన టేబులు మీది ఫోను రాయి మాదిరి పడుండాది. బయట అది మోగతానే ఉండాది. ఎవురూ కదల్లేదు. అక్క పెద్దాయన్ను చూసింది, చిన్నసారును చూసింది. కవరు, క్యారియరు కింద పెట్టేసి, గబగబా పోయి ఫోనెత్తింది.

"నమస్కారమండీ! ఆ, ఉండారండీ, మీ ఫోను కోసరమే ఎదురుచూస్తా ఉండారు. ఇదో, ఇస్తా ఉండాను."

రెండు అంకెలు తిప్పింది. అప్పుడు మోగింది పెద్దాయన టేబులు మీద.

ఆయన టెంకాయ కొట్టి, మాట్లాడి, పెట్టేసి, కళ్లు మూసుకోని చేతులు జోడించినాడు. కళ్లు తెరిచి మా వైపు తిరిగినాడు.

"సూసినారా అప్పా! అమ్మవారి ముందర పడుకోని లేసిన మిషను, లేసీ లేయంగానే ఎవుర్ని పిలిసిందో సూసినారా? చీర పెట్టి పంపిస్తామన్న బిడ్డను పిలిసింది."

చిన్నసారు నా వైపు తిరిగినాడు. "ఏమిది? నువ్వు చేసింది ఏమాయ? మొన్న నేరుగా మోగింది గదా?"

అప్పుడే నా కన్ను పూజ పళ్లెం మీద పడింది. అరిటాకు మీద, సరిగ్గా ఆ మిషను బ్యాటరీ అంత, నలుచదరంగా పసుపు అచ్చు. దాని చుట్టూ కుంకుమ. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. బ్యాటరీ పీకినారు, నేను నేర్పిందంతా గోవిందా! మిషను పుట్టినప్పుడు ఎట్లుండిందో అట్లయిపోయింది. పుట్టుకతో దానికి తెలిసింది ఒకటే, బయట నుంచి ఏ ఫోను వచ్చినా మొదటి ఫోనుకు ఇయ్యడం. ఆ మొదటి ఫోను అక్కది.

ఒక్క మాట చాలు. "బ్యాటరీ పీకినారు సార్, అందుకే" అంటే నా పేరు నిలబడుతుంది, సాయంత్రానికి అంతా మళ్లీ సరిచేస్తాను, అక్క కవరు తీసుకోని ఇంటికి పోతుంది. నాలిక చివర దాకా వచ్చింది ఆ మాట. చిన్నసారు "నీతో కాలేదన్న మాట" అన్నాడు, పెదవి ఒకవైపు వంచి. చిన్నప్పటి నుంచీ ఏ మాట వింటే నాకు ఒళ్లు మండుతుందో, సరిగ్గా ఆ మాటే అన్నాడు.

అక్కను చూసినాను. ఆమె స్టూలు మీద కూర్చోని, ఫోను మీద చెయ్యి ఆనించి, నన్నే చూస్తా ఉండాది.

"పూజకు ముందర సరిగ్గానే చేసినాను సార్" అన్నాను. "పూజలో పడుకోని లేచినాక అది అక్కనే పిలిచింది. మీరూ చూసినారు గదా."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కావాలంటే చూసుకోండి.

"ఇంగ దాన్ని ఎవురూ మార్చేది లేదు" అన్నాడు పెద్దాయన. "ఫోన్లు ఆయమ్మ కాడికే రానీ. అమ్మవారి మాట కాదని నాకు ఏపారం వొద్దు." తండ్రి మాట మీద చిన్నసారు మాట నడిచే కాలం కాదు అది. గమ్మున పోయి తన గదిలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నేను, అక్క మళ్లీ కూర్చోని, మిగతా గదులవన్నీ ఒకటొకటే సరిచేసినాం, బయట లైన్లు రెండూ అక్క కాడికే ఉంచి. నేను చదవతా ఉంటే ఆమె తిప్పుతా ఉండాది. పొడుగు కూత మీద కూత. మధ్యలో ఆపి మెల్లిగా అడిగింది, "నిజం సెప్పుమే. అమ్మవారా, బ్యాటరీనా?"

"తిప్పక్కా, తోసేస్తుంది" అన్నాను.

ఆ మిషను ఆడపిల్ల చేతికి సరిగ్గా లొంగలేదని చిన్నసారు ఆ తర్వాత చానా మందికి చెప్పినాడు. నా ముందరే చెప్పినాడు. తిరుపతిలో ఇంకొక ఆఫీసులో ఫోను మిషను పెట్టేదానికి నన్ను పిలిస్తే, వాళ్లకు గూడా చెప్పినాడు. నేను పళ్లు కొరుక్కోని ఊరుకున్నాను. ఆ తిరుపతి మిషను ఒక్క పొద్దులో నేర్పి, వాళ్ల నోళ్లు మూయించినాను, అది వేరే సంగతి. నా తిక్కను నేను అణుచుకునింది బతుకులో ఆ ఒక్క విషయంలోనే.

మరుసటి సంవత్సరం నవమికి నేను చంద్రగిరికి పోలేదు, చిత్తూరులోనే ఉండిపోయినాను. పెద్దాయనకు కాళ్ల నొప్పులు, కుర్చీలో కూర్చోనే పూజ చేయిస్తా ఉండాడు. ఎలక్ట్రీషియను స్విచ్చి కట్టేసి, "చాల్లేప్పా, లైటు ఉంటే ఉండనీ" అని తొందరగా పోబోయినాడు. పెద్దాయన చూపు ఆనలేదో ఏమో, ఏమీ అనలేదు. చిన్నసారు గూడా ఆడే ఉండాడు.

అక్క లేచింది. కొంగు నడుముకు దోపుకోని, స్టూలు లాక్కోని ఎక్కింది. పెట్టె మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, బ్యాటరీ పీకింది. ఎర్ర లైటు ఆరిపోయింది, ఎవురు ఏం నేర్పుండినా దాంతోనే పోయింది. కిందికి దిగి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆకు మీద అమ్మవారి కాళ్ల కాడ పెట్టింది. నా వైపు ఒక్కసారి గూడా చూడలేదు.

నేను పళ్లెంలో నుంచి ఒక పువ్వు తీసి దాని మీద పెట్టినాను.